పలకరాయి కింద నీటి లెక్క

మార్కాపురం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది పలక. పొరలుపొరలుగా విడిపోయే ఆ రాతి వర్గానికి భూగర్భ శాస్త్రంలో దగ్గరలోని కంభం ఊరి పేరే ఉంది. తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్న ఆ రాయే రైతుకు బోరు కష్టం కూడా తెచ్చిపెట్టింది. ఇసుక నేలలో నిలిచినట్టు దానిలో నీరు నిలవదు. పగుళ్లలోనే పారుతుంది, పగుళ్లలోనే ఆగుతుంది. అందుకే ఒక చేలో మోటారు నడిస్తే పక్క చేను బోరు గుక్క తిప్పుకోలేదు.

పూర్వం ఇక్కడివాళ్లు నీటిని కళ్లెదుట నిలుపుకున్నారు. నల్లమల నుంచి దిగే గుండ్లకమ్మకు కొండల సందున కట్ట వేసి చేసిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. కట్ట ఎత్తు 57 అడుగులనీ, కింద సుమారు 10,300 ఎకరాలు పారుతుందనీ ఇంపీరియల్ గెజిటీర్ రాసింది. 2020లో దీనికి ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. చెరువుతో ఒక సుఖముంది. కట్ట మీద నిలబడితే నీళ్లెన్నున్నాయో తెలుస్తుంది, ఏ తూము కింద ఎంత నాటాలో నలుగురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. బోరు కింద ఏముందో ఎవరికి కనబడుతుంది?

ఆ కనబడనిదాన్ని ఊరందరికీ చూపించాలన్న ప్రయత్నం 2003లో మొదలైంది. నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. మార్కాపురం, కంభం ఉన్న అప్పటి ప్రకాశం వాటిలో ఒకటి. మొత్తం ఆరు వందలకు పైగా ఊళ్లు. నంద్యాలలోని బర్డ్స్ సంస్థ స్థానిక సంస్థలను కలుపుకొని దీన్ని నడిపింది.

పని తీరు చెప్పుకోదగ్గది. వాన ఎంత పడిందో రైతులే కొలిచి రాశారు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి నీటిమట్టం చూశారు. ఆడవాళ్లూ ఈ కొలతల్లో పాల్గొన్నారు. రబీకి ముందు ఒక వాగు పరీవాహకంలోని వాళ్లంతా ఒకచోట చేరేవారు. నేలలోకి ఇంకిందెంత, ఎవరెవరు ఏ పంట వేయదలిచారు, దానికి కావలసిందెంత అని లెక్క కట్టేవారు. లోటు తేలితే వరి తగ్గించి ఆరుతడి పంటకు మళ్లాలో లేదో ఎవరి ఇంట్లో వాళ్లే నిర్ణయించుకునేవారు. నిషేధం లేదు, జరిమానా లేదు, సబ్సిడీ ఆశ కూడా లేదు.

ఈ పథకం గొప్పతనమంతా అక్కడే ఉంది. బోర్ల తవ్వకాన్ని అదుపు చేయడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. అయినా 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్తు వచ్చాక మోటారు ఆపడానికి జేబు వైపు నుంచి కారణమే లేకుండా పోయింది. అటువంటి రోజుల్లో రైతులు తమంతట తాము పంట మార్చుకున్నారు. చాలా పరీవాహకాల్లో నీళ్లు తోడడం తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక గమనించింది.

2016లో మొదలైన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇదే సమస్యను మట్టి వైపు నుంచి పట్టుకుంది. వానకు ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచితే తేమ నిలుస్తుంది. ఇది మంచి దారే. అయితే మట్టిలో మిగిలిన తేమ ఊరి లెక్కలోకి కూడా ఎక్కాలి. లేకపోతే మిగిలిన నీళ్లు కొత్త బోరుకు పోతాయి.

సాగు బోర్లు లోతుకు పోయేకొద్దీ తాగునీటి బోరుకూ గండమే. ఫ్లోరైడ్ పీడ ఉన్న మార్కాపురం చుట్టుపక్కల మండలాలకు అది మరీ బరువు. రేపు వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా శ్రీశైలం నీళ్లు వచ్చినా కాలువ చివరి చేలకు అందేదెంతో, వేయబోయే పంటకు కావలసిందెంతో రబీకి ముందే రైతులు కలిసి కూర్చుని లెక్క కట్టుకోవలసిందే.