పిండి లేదు, గుడ్డు లేదు: పిల్-పిల్ చిక్కుముడి

స్పెయిన్ ఉత్తర తీరంలో, బాస్క్ ప్రాంతంలోకెల్లా పెద్ద ఊరు బిల్బావో. అక్కడి పాత భోజనశాలలో కూర్చుని బకలావ్ అల్ పిల్-పిల్ తెమ్మంటే, మట్టి మూకుడులో కాడ్ చేప ముక్కలు వస్తాయి. వాటి చుట్టూ దంతం రంగులో చిక్కటి సాస్ ఉంటుంది. చెంచాతో ఎత్తితే గబుక్కున జారదు. ఇందులో ఏమేం పడ్డాయని అడిగితే, వడ్డించే మనిషి వేళ్ల మీద నాలుగు లెక్కపెడతాడు: ఉప్పులో ఊరిన కాడ్, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిరప. పిండి లేదు, గుడ్డు లేదు, మీగడ లేదు.

ఈ జవాబులో ఒకటి కాదు, రెండు ముళ్లున్నాయి. కాడ్ ఉత్తర అట్లాంటిక్ చన్నీళ్ల చేప. బిల్బావో ముందున్న బిస్కే అఖాతంలో దానికి కాపురం లేదు. ఆలివ్ ఎండ నేలల చెట్టు. బిల్బావో ఉన్న బిస్కాయా కొండలేమో వానకు తడుస్తూ ఆపిల్ పండించే నేల. మిరప అమెరికా నుంచి వచ్చింది. ఊరిది కాని సరుకుతో ఊరి పేరు చెప్పే వంటకం ఎలా పుట్టింది? ఇది మొదటి ముడి. నూనెలో చేప ఉడికితే నూనె నూనెగానే ఉండాలి కదా, అది సాస్‌లా ఎలా చిక్కబడింది? ఇది రెండోది.

మొదటి ఆధారం: ఒక తంతి

బిల్బావోలో ఎవరినడిగినా మొదటి ముడికి జవాబు సిద్ధంగా ఉంటుంది. 1835 ప్రాంతం. సిమోన్ గుర్తుబాయ్ అనే కాడ్ వర్తకుడు విదేశంలోని సరఫరాదారులకు తంతి పంపాడట: బిల్బావో రేవుకు వచ్చే మొదటి ఓడలో మేలురకం కాడ్ ‘100 లేక 120’ పంపండి అని. స్పానిష్‌లో ‘లేక’ అనే మాట ఒక్క అక్షరం, చూడటానికి సున్నాలాగే ఉంటుంది. అవతలివాళ్లు మూడింటినీ కలిపి 10,00,120 అని చదివారట. పది లక్షల చేపలు దిగేసరికి వర్తకుడు తల పట్టుకున్నాడు. ఇంతలో సింహాసన వారసత్వ పోరులో తిరగబడ్డ కార్లిస్టు సైన్యం ఊరిని ముట్టడించింది. దారులు మూసుకుపోయాయి. ఊరు ఆ కాడ్‌ను నూనెలో వండుకు తిని బతికింది, వర్తకుడు కోటీశ్వరుడయ్యాడు, వంటకం పుట్టింది.

కథ ముచ్చటగా ఉంది. ఇప్పుడు సాక్ష్యాలతో సరిచూద్దాం.

గుర్తుబాయ్ నిజమైన మనిషే. ఆ ఇంటి సంపదా నిజమే, ఆ కుటుంబం తరవాతి తరాల్లో స్పెయిన్ ప్రభువర్గంతో వియ్యమందింది. ముట్టడులూ నిజమే. మొదటిది 1835 జూన్‌లో. కార్లిస్టు సేనాని సుమలకార్రెగి ఆ ముట్టడిలోనే గాయపడి, కొద్దిరోజులకు చనిపోయాడు. రెండోది 1836 శరత్కాలంలో మొదలై క్రిస్మస్ ముందురోజు రాత్రి లుచానా పోరుతో ముగిసింది. తేడా కొట్టేది తంతి దగ్గరే. ఇంగ్లండ్‌లోనే విద్యుత్ తంతి 1837లో గానీ మొదలవలేదు. అమెరికాలో మోర్స్ మొదటి సందేశం 1844 నాటిది. స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి ఉత్తర సరిహద్దు దాకా తంతి తీగ పడింది 1850ల మధ్యలో. గుర్తుబాయ్ 1835లో తంతి కొట్టాలంటే ముందు దాన్ని తానే కనిపెట్టాలి.

పోనీ, ఉత్తరం రాశాడనుకుందాం. అప్పుడు అంకెలు అడ్డు తగులుతాయి. ఎండిన కాడ్ ఒక్కోటి కిలో అనుకున్నా పది లక్షల చేపలంటే వెయ్యి టన్నులు. ‘మొదటి ఓడ’ అన్నది కథ, ఆనాటి తెరచాప ఓడేమో కొన్ని వందల టన్నులు మోస్తే గొప్ప. ఊరి జనాభా ఇరవై వేలు దాటదు. తలకు యాభైకి పైగా చేపలు! మొదటి ముట్టడి సాగింది మూడు వారాలే. ఇన్ని చేపలు తినడానికి ఆ గడువు చాలదు.

తంతి కథ నిలవలేదు. అయినా దాన్ని అవతల పారేయలేం. ఊరంతా నమ్మాలంటే అప్పటికే ఆ ఊరికి కాడ్ అలవాటై ఉండాలి. అలవాటు ఎప్పటిది?

రెండో ఆధారం: నోటరీ కాగితాలు

1970లలో సెల్మా బార్కమ్ అనే చరిత్ర పరిశోధకురాలు బాస్క్ కొండల్లోని ఓన్యాతిలో కాపురం పెట్టి, అక్కడి పాత నోటరీ దస్తావేజులు ఒక్కొక్కటే తిరగేసింది. ఓడల బీమాలు, బాకీ దావాలు, నావికుల వీలునామాలు. పదహారో శతాబ్దంలో బాస్క్ ఓడలు ఏటా అట్లాంటిక్ దాటి ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ తీరానికి తిమింగలాల వేటకు వెళ్లేవని ఆ కాగితాలు తేల్చాయి. అవి చూపిన జాడ పట్టుకుని వెళ్లి, 1565లో రెడ్ బే దగ్గర మునిగిన సాన్ హువాన్ అనే ఓడదిగా భావించే శిథిలాన్ని 1978లో నీటి అడుగున కనుగొన్నారు. రెడ్ బే ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం.

తిమింగలాల వేటకు వెళ్లిన సముద్రమే కాడ్ సముద్రం. బాస్క్ నావికులు ఉప్పేసిన కాడ్‌తో తిరిగొచ్చేవారు. ఆ ప్రయాణాలకు నీళ్లకు బదులు పీపాల్లో ఆపిల్ సైడర్ తీసుకెళ్లేవారు, నీళ్లు పాచి పట్టినా సైడర్ పట్టదు. బాస్క్ తీరంలోని సాన్ సెబాస్టియన్ పక్కన అస్తిగర్రాగా ఊరి సైడర్ ఇళ్లలో జనవరి నుంచి వసంతం దాకా భోజనం ఇప్పటికీ ఒకే వరసలో నడుస్తుంది: కాడ్ ఆమ్లెట్, పచ్చి మిరపకాయలతో వేయించిన కాడ్, నిప్పుల మీద కాల్చిన ఎద్దుమాంసం, చివర ఇదియసాబల్ జున్ను. పీపా తెరిచినప్పుడల్లా లేచి వెళ్లి గ్లాసు పట్టాలి. కొండ మీది ఆపిల్ రైతు ఇంట్లో సముద్రపు కాడ్ ఎందుకుందో ఆ పీపాను చూస్తే తెలుస్తుంది.

మూడో ఆధారం: బోస్టన్ పక్క నుంచి వచ్చిన చేప

కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిని బ్రిటన్‌కు అప్పగించిన 1713 నాటి ఉట్రెక్ట్ ఒప్పందం తరవాత అక్కడి నీళ్లలో బాస్క్ వాళ్ల వేట సాగలేదు. చేప పట్టేవాళ్లు ఇక కొనేవాళ్లయ్యారు. కాథలిక్ నేలలో మాంసం ముట్టకూడని ఉపవాస రోజులు ఏడాదికి వంద దాటేవి, గిరాకీ తగ్గే ప్రశ్నే లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో బిల్బావోకు చెందిన గార్దోకి కుటుంబం అమెరికాలోని మసాచుసెట్స్ రేవుల నుంచి ఉప్పు కాడ్ తెప్పించేది. ఆ పరిచయంతోనే స్వాతంత్ర్య పోరాటంలో అమెరికన్లకు తుపాకులు, దుప్పట్లు పంపింది. 1780 జనవరిలో బిల్బావో మీదుగా పారిస్ వెళ్తూ జాన్ ఆడమ్స్ ఆ ఇంటివాళ్లను కలిశాడు. తరవాత దియేగో గార్దోకి అమెరికాకు స్పెయిన్ రాయబారిగా వెళ్లాడు.

అంటే గుర్తుబాయ్ కథ జరిగిందనే కాలానికి అరశతాబ్దం ముందే బిల్బావో కాడ్ రేవు. పొరపాటున దిగిన సరుకు కాదది, రోజువారీ బేరం.

నాలుగో ఆధారం: కంచరగాడిదల దారి

మరి నూనె? బిల్బావో నుంచి కాడ్ కంచరగాడిదల మీద మాడ్రిడ్ దాకా పోయేది. ఎండి, ఉప్పెక్కి ఉండటంతో దారిలో చెడదు. స్పెయిన్ నడిబొడ్డున, సముద్రం మొహం చూడని ఊళ్లలో కాడ్, వెల్లుల్లి, నూనెతో చేసే ఒక వంటకం పేరు ఆహోఅర్రియేరో, అంటే కంచరగాడిదలు తోలేవాళ్ల వెల్లుల్లి వంట. లోతట్టుకు కాడ్ మోసిన ఆ జంతువులు తిరుగు దారిలో ఖాళీగా రావు కదా. కొండలకు దక్షిణాన ఎండ నేలల్లో పండే నూనె అలాంటి దారుల మీదే ఉత్తరానికి ఎక్కింది. రేవులో చేప, దారిలో నూనె. మొదటి ముడి ఇక్కడ వీడింది. వంటకం ఊరిది కాదు, దారులది. ఆ దారులన్నీ కలిసింది బిల్బావోలో.

ఐదో ఆధారం: బుడగలెత్తే రొయ్యలు

రెండో ముడికి ఆధారాలు వంటింట్లోనే ఉన్నాయి. పిల్-పిల్ అంటే నూనె చిటపటలాడే చప్పుడు అంటారు. అయితే దక్షిణ స్పెయిన్‌లోని మాలగాలో రొయ్యల పిల్-పిల్ అడిగితే మట్టి పాత్రలో సలసల మరిగే నూనె, వెల్లుల్లి, మిరప వస్తాయి. అక్కడ సాస్ లేదు, చిక్కదనం లేదు. కాడ్ పిల్-పిల్ వండేటప్పుడేమో నూనె మరిగిందా, సాస్ విరిగిపోతుంది. కాబట్టి పేరు చప్పుడుది, సాస్‌ది కాదు. సాస్‌కు కారణం వేరే చోట వెతకాలి.

ఆరో ఆధారం: చేప గవద

అనుమానితులను ఒక్కొక్కరినీ తప్పిద్దాం. వెల్లుల్లిని నూనెతో నూరితే చిక్కబడే మాట నిజమే. అయితే ఇక్కడ దాన్ని వేయించి బయటికి తీసేస్తారు, చివర్లో పైన అలంకారానికి వేస్తారు. వెల్లుల్లి కాదు. ఉప్పా? కాడ్‌నో హేక్ చేపనో తీసుకుని గవద కింది మెత్తటి ముక్క కోస్తారు, దాన్ని కొకోచా అంటారు. హేక్ కొకోచాలు పచ్చివే, ఉప్పు ఊరనివే. వాటితోనూ ఇదే సాస్ వస్తుంది, ఇంకా సులువుగా వస్తుంది. కాబట్టి ఉప్పూ కాదు. అదే కాడ్ ముక్కకు చర్మం వలిచి వండితే మటుకు సాస్ కూడదు.

దొంగ చర్మంలో ఉన్నాడు. చేప చర్మంలో, గవదలో ఉండే జిగురు కణజాలం సన్న వేడికి కరిగి జెలటిన్ అవుతుంది. చన్నీటి చేప కాబట్టి గొడ్డు మాంసం కంటే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. రోజున్నర, రెండు రోజులు నీళ్లు మార్చుతూ నానబెట్టిన కాడ్‌ను చల్లారిన వెల్లుల్లి నూనెలో పెట్టి సన్న సెగ మీద ఉంచితే, కాసేపటికి ముక్కల నుంచి తెల్లటి చుక్కలు దిగుతాయి. అవి చేప లోపలి నీళ్లు, జెలటిన్ కలిసినవి. ఇక వంటమనిషి మూకుడును రెండు చెవులూ పట్టి గుండ్రంగా ఊపుతూ ఉంటాడు. కవ్వం లేకుండా మజ్జిగ చిలకడం లాంటి పని. ఊపిన కొద్దీ నూనె చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది, జెలటిన్ నీళ్లు ఒక్కో బిందువు చుట్టూ పొరగా అంటుకుని మళ్లీ కలవనివ్వవు. మయోనైజ్‌లో గుడ్డుసొన చేసే పని ఇక్కడ చర్మం చేస్తోంది.

రుజువు కావాలంటే మిగిలిన సాస్‌ను ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూడండి, జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది. వేడెక్కి విరిగిన సాస్‌కు మందు కూడా ఈ జెలటిన్ సంగతే చెబుతుంది. నూనె వంపేసి, అడుగున మిగిలిన చేప నీళ్లను చిలుకుతూ నూనెను కొద్దికొద్దిగా కలిపితే మళ్లీ కూడుతుంది. రద్దీగా ఉండే భోజనశాలల్లో మూకుడు ఊపే తీరిక ఉండదు, చేపను పక్కన పెట్టి చిన్న జల్లెడతో గిరగిరా తిప్పి ఇదే పని ముగిస్తారు.

చివరి ఆధారం: ప్రయోగాల వంటిళ్లు

రెండు ముళ్లూ వీడాయి గానీ, ఇంకో అనుమానం మిగిలింది. ఇంత చిన్న ప్రాంతంలో ఒక వీధిలో సైడర్ ఇల్లు, ఇంకో వీధిలో మూడు మిషెలిన్ స్టార్ల భోజనశాల పక్కపక్కనే ఎలా బతుకుతున్నాయి?

1976లో మాడ్రిడ్‌లో ఒక పత్రిక జరిపిన సభకు ఫ్రెంచ్ వంట దిగ్గజం పాల్ బొకూజ్ వచ్చాడు. ఆ పరిచయంతో బాస్క్ వంటవాళ్లు హువాన్ మారి అర్సాక్, పెద్రో సుబిహానా లియోన్ దగ్గర ఆయన వంటింటికి వెళ్లి చూసొచ్చారు. తిరిగొచ్చాక డజను మంది దాకా వంటవాళ్లు జట్టుకట్టారు. కొత్త బాస్క్ వంట అని దానికి పేరు. వాళ్లు పెట్టుకున్న పనుల్లో ఒకటి కొత్తవి కనిపెట్టడం కాదు, మరుగునపడ్డ పాత వంటకాలను వెతికి సరిగ్గా వండటం. ఆ పనికి జనం సిద్ధంగానే ఉన్నారు. సాన్ సెబాస్టియన్‌లో 1870లో పుట్టిన ఉనియోన్ ఆర్తెసానా లాంటి సంఘాల్లో సభ్యులు తామే వండుకుని, తాగిందీ వాడిందీ తామే చీటీ మీద రాసి డబ్బు పెట్టి వెళ్లేవారు. పిల్-పిల్ కూడిందో విరిగిందో చూసి చెప్పగల వంటగాళ్లే తినడానికీ వచ్చి కూర్చునేవాళ్లు.

అర్సాక్ భోజనశాల 1897లో ఆయన తాత కట్టిన ఇంట్లోనే ఉంది, 1989 నుంచి మూడు స్టార్లది. 1970ల మొదట్లో అక్కడ తేలు చేపతో చేసిన మెత్తటి పుడ్డింగ్ ఆనాడు ప్రయోగం. ఈనాడు బాస్క్ బార్లలో పించోలనే చిరుతిళ్ల పక్కన అదే దొరుకుతుంది, కొత్త తరం దాన్ని అమ్మమ్మల వంటకమనే అనుకుంటుంది. ఎర్రెంతెరియా ఊరి పొలాల మధ్య 1998లో మొదలైన ముగారిట్స్‌లో ఆందోని లూయిస్ అదురిస్ బంగాళాదుంపలకు తినగలిగే తెల్లమట్టి పూసి, నదిలో రాళ్లలా వడ్డించి పేరు తెచ్చుకున్నాడు. నంజుకోడానికి పక్కన పెట్టింది వెల్లుల్లి సాస్. ఇప్పటి వంటిళ్లు కాడ్ చర్మాన్ని ముందే విడిగా మరిగించి, ఆ జిగురు నీళ్లతో పిల్-పిల్‌ను నురగగా కూడా కొడుతున్నాయి. 2011లో సాన్ సెబాస్టియన్‌లో తలుపులు తెరిచిన బాస్క్ క్యులినరీ సెంటర్‌లో వంటకు విశ్వవిద్యాలయ పట్టానే ఇస్తున్నారు.

ఆధారాలన్నీ వరసగా పేరిస్తే, సంప్రదాయం ఒక గట్టున, ప్రయోగం ఇంకో గట్టున లేవని తేలుతుంది. కొన్న చేప, మోసుకొచ్చిన నూనె, దూరదేశపు మిరప తీసుకుని, వేడి తగ్గించి మూకుడు ఊపి చూసిన వంటమనిషి కూడా ప్రయోగమే చేశాడు. ముగారిట్స్‌లో రెండు వందల యూరోలు దాటే భోజనం అదే కుతూహలాన్ని కొనసాగిస్తోంది. తేడా ఒక్కటే, పాతది ఊరి సొత్తయింది, కొత్తది ఇంకా ఒక మనిషి పేరు మీదుంది.

అందుకే అక్కడికి వెళ్లేవాళ్లు వరస తిప్పకపోవడం మంచిది. ముందు పాత భోజనశాలలో మూకుడు పిల్-పిల్, తరవాతే ప్రయోగాల బల్ల. మూకుడు వచ్చాక వెంటనే రొట్టె ముంచకండి, రెండు నిమిషాలు ఆగండి. అంచున నూనె విడిగా తేలితే సెగ ఎక్కువైందన్నమాట. సాస్ తేటగా ఉంటే ఊపడం చాల్లేదు. ఎంత చిక్కగా ఉన్నా నాలుకకు పిండి తగిలితే ఆ వంటింట్లో చర్మం చేయాల్సిన పని పిండి చేత చేయించారు. అలాంటి చోట మిగతా పట్టీ చదవనక్కర్లేదు, డబ్బు చెల్లించి పక్క వీధికి నడవచ్చు.