అంకెల్లో కనిపించని కుడి అంచు: ముదిమిలో స్టాన్లీ మాథ్యూస్ ఆట

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాకా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రికార్డు పుస్తకాలు ప్రధానంగా రెండు లెక్కలనే పదిలపరిచాయి: ఆటగాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎన్ని గోల్స్ కొట్టాడు. గోల్‌కు ముందు చివరి పాస్ ఇచ్చిన ఆటగాడి పేరున నేడు ‘అసిస్ట్’ అని రాసే ఆనవాయితీ అప్పటికి స్థిరపడలేదు కనుక, మైదానం అంచు వెంట బంతిని తీసుకుపోయి గోల్ ముందున్న సహచరులకు అందించే ‘వింగర్’ శ్రమలో సింహభాగం ఆ పుస్తకాల్లోకి ఎక్కనే లేదు. కుడి అంచున ఆడే వింగర్లలో అగ్రగణ్యుడైన స్టాన్లీ మాథ్యూస్ ఇంగ్లండ్ తరఫున ఆడిన 54 మ్యాచ్‌లలో 11 గోల్స్, సుమారు 700 లీగ్ మ్యాచ్‌లలో 71 గోల్స్ మాత్రమే చేశాడన్న లెక్కను చూసి, 41 ఏళ్ల వయసులో అతడిని ఐరోపాలోకెల్లా ఉత్తమ ఆటగాడిగా ఎందుకు ఎన్నుకున్నారో ఊహించడం ఎవరికైనా కష్టమే.

మాథ్యూస్ 1915 ఫిబ్రవరి 1న, కుండల పరిశ్రమకు పేరుపడిన స్టోక్ పట్టణంలోని హాన్లీలో, ముష్టియుద్ధంలోనూ పేరు పొందిన ఒక క్షురకుడి ఇంట పుట్టాడు. 1932లో స్టోక్ సిటీ జట్టులోకీ, 1934లో ఇంగ్లండ్ జట్టులోకీ వచ్చిన అతడి ప్రాయాన్ని రెండో ప్రపంచ యుద్ధం మింగేసింది. 1947లో 11,500 పౌండ్లకు బ్లాక్‌పూల్ క్లబ్‌కు మారేనాటికి అతడికి 32 ఏళ్లు. అంటే నాటి లెక్క ప్రకారం బూట్లు విప్పే రోజులు దగ్గరపడ్డాయన్నమాట. జాతీయ జట్టును అప్పట్లో శిక్షకుడు కాక ఎంపిక సంఘం నిర్ణయించేది. ఆ సంఘం అతడిని పదేపదే పక్కనపెట్టి, పదేపదే మళ్లీ పిలిచింది. 1950 జూన్ 29న, బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటేలో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లో అమెరికా చేతిలో ఇంగ్లండ్ 1-0తో ఓడి పరువు పోగొట్టుకున్ననాడు, 35 ఏళ్ల మాథ్యూస్ ఆడలేదు. స్పెయిన్‌తో జరిగిన తరువాతి మ్యాచ్‌లో అతడికి చోటు దక్కింది, కాని ఇంగ్లండ్ అందులోనూ ఓడింది. వయసు మీదపడిన ఆటగాడిని తూచడానికి ఆ సంఘం దగ్గర పుట్టినతేదీ తప్ప వేరే తూనికరాయి లేదనిపిస్తుంది.

అతడి ఆటతీరును దగ్గరగా చూస్తేనే ఈ చిక్కు అర్థమవుతుంది. తనను అడ్డుకునే ఫుల్‌బ్యాక్, అనగా రక్షణ వరుసలో అంచున నిలిచే ఆటగాడు, ఎదురుగా ఉండగా మాథ్యూస్ బంతిని కాలికి అంటిపెట్టుకొని దాదాపు నడకతో అతడి మీదికి వచ్చేవాడు. ఒంటిని మైదానం లోపలివైపు వాల్చేవాడు. ప్రత్యర్థి బరువంతా ఆ వైపు కాలి మీద పడిన క్షణంలోనే, బూటు వెలుపలి అంచుతో బంతిని గీతవైపు తోసి ఐదారు గజాలు మెరుపులా దూసుకుపోయేవాడు. ఈ విద్యకు తొంభై నిమిషాల పరుగు అక్కరలేదు, కావలసినదల్లా ఆ ఐదారు గజాల వేగమూ, ఎప్పుడు కదలాలన్న ఎరుకా. ఆ కొద్దిపాటి వేగాన్ని నిలుపుకోవడానికే అతడు పొగతాగుడుకూ మద్యానికీ దూరంగా ఉన్నాడు, బ్లాక్‌పూల్ సముద్రతీరాన ఉదయం పూట సాధన చేశాడు, బరువైన బూట్ల కాలంలో తేలికపాటి బూట్లు ప్రత్యేకంగా చేయించుకున్నాడు.

విచిత్రమేమంటే, ఆటను అంకెల్లోకి దించే ప్రయత్నం ఇంగ్లండ్‌లో మొదలైనదీ ఆ రోజుల్లోనే. వైమానిక దళంలో లెక్కల విభాగపు అధికారి అయిన చార్లెస్ రీప్, 1950 మార్చి 18న స్విండన్ జట్టు ఆట చూస్తూ, మొదటి సగంలో దాడులు వృథా అవుతున్న తీరుకు విసిగి, రెండో సగంలో పెన్సిలూ పుస్తకమూ తీసి ప్రతి కదలికనూ సంకేతాలతో రాయడం ప్రారంభించాడు. ఏళ్ల తరబడి కూర్చిన లెక్కలతో, గోల్స్‌లో అత్యధికం మూడు లేదా అంతకు తక్కువ పాస్‌లతోనే వస్తాయని అతడు వాదించాడు. అయితే ఆటలో అధికభాగం అటువంటి పొట్టి పాస్‌ల వరుసలే కాబట్టి గోల్స్ కూడా అక్కడే ఎక్కువగా రావడం సహజమని తరువాతి విమర్శకులు చూపారు. అంతకన్న ముఖ్యమైన లోపం మరొకటుంది: బంతి చుట్టూ జరిగినదాన్ని రాసే ఏ పద్ధతీ, బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడిన ఒక ముదుసలి వింగర్ భయంతో ఇద్దరు ప్రత్యర్థులు తమ చోటు వదిలి పక్కకు జరగడాన్ని రాయలేదు.

1953 మే 2న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో, పట్టాభిషేకానికి నెలరోజుల ముందు ఎలిజబెత్ రాణి సమక్షంలో జరిగిన ఎఫ్‌.ఎ. కప్ ఫైనల్, అంకెలకూ ఆటకూ మధ్యనున్న ఈ వివాదానికి అసలైన పరీక్ష. 1948లోనూ 1951లోనూ ఇదే ఫైనల్‌లో ఓడిన మాథ్యూస్‌కు అప్పుడు 38 ఏళ్లు. 55 నిమిషాలకు ప్రత్యర్థి జట్టు బోల్టన్ 3-1తో ముందుంది. చివరికి బ్లాక్‌పూల్ 4-3తో గెలిచింది, చరిత్రలో అది ‘మాథ్యూస్ ఫైనల్’గా నిలిచిపోయింది; కాని గోల్స్ పట్టికలో అతడి పేరు లేనేలేదు. మూడు గోల్స్ స్టాన్ మోర్టెన్సెన్‌వి, ఆఖరిది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన బిల్ పెర్రీది. మోర్టెన్సెన్ మొదటి గోల్ కూడా బోల్టన్ ఆటగాడు హాసల్‌కు తగిలి దారి మళ్లిన బంతే కావడంతో, అది ఎవరి ఖాతాలో వేయాలన్న చర్చ తరువాత సాగింది. అంకె అనుకున్నది సైతం ఒక మనిషి తీర్పే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆనాటి చివరి అరగంటను న్యాయంగా తూచాలంటే బోల్టన్ ఎడమవైపు ఏం జరిగిందో చూడాలి. ఆ జట్టు ఎడమ హాఫ్‌బ్యాక్ ఎరిక్ బెల్‌కు ఆట మొదట్లోనే తొడ వెనుక కండరం దెబ్బతింది. బదులు ఆటగాడిని దింపే నియమం అప్పటికి లేదు కాబట్టి అతడిని ఎడమ అంచుకు పంపి, అతడి చోట హాసల్‌ను వెనక్కి రప్పించారు. ఆపైన ఎడమ ఫుల్‌బ్యాక్ రాల్ఫ్ బ్యాంక్స్‌కు పిక్కలు పట్టేశాయి. మాథ్యూస్ ఆడేది సరిగ్గా ఆ వైపునే. కుంటుతున్నవారిని దాటడం ఏం గొప్ప అని అడిగేవారున్నారు, ఆ ప్రశ్నను తోసిపుచ్చడం తగదు. అయితే ఆ బలహీనతను పసిగట్టి బ్లాక్‌పూల్ ఇన్‌సైడ్‌రైట్ ఎర్నీ టేలర్ ప్రతి బంతినీ కుడి అంచుకే పంపడం, 38 ఏళ్ల వ్యక్తి ఎనభయ్యో నిమిషం దాటాక కూడా అదే వంచనను అదే వేగంతో మళ్లీ మళ్లీ చేయగలగడం, పడుచువాళ్ల కండరాలు పట్టేసిన వేళ అతడి కాళ్లు నిలవడం, ఇవన్నీ ఆటలో భాగాలే. 68వ నిమిషంలో అతడు వేసిన క్రాస్ గోల్‌కీపర్ చేతుల్లోంచి జారగా మోర్టెన్సెన్ బంతిని లోపలికి నెట్టాడు. నిర్ణీత సమయం ముగిశాక కలిపిన నిమిషాల్లో మాథ్యూస్ గీత దాకా వెళ్లి, కాలు జారుతూనే వెనక్కి తోసిన బంతిని పెర్రీ గోల్‌లోకి కొట్టాడు. మధ్యలో స్కోరును సమం చేసిన ఫ్రీకిక్ మాత్రం పూర్తిగా మోర్టెన్సెన్ సొత్తు. అందుకే కాబోలు, ఆ ఫైనల్‌ను తన పేరుతో పిలవడం మాథ్యూస్‌కే నచ్చలేదు. అంకె అతడికి అన్యాయం చేస్తే, పేరు మోర్టెన్సెన్‌కు అన్యాయం చేసింది.

1955 ఏప్రిల్ 2న స్కాట్లండ్‌పై ఇంగ్లండ్ 7-2తో గెలిచిన మ్యాచ్‌లో నాలుగు గోల్స్ డెనిస్ విల్షా ఖాతాలో చేరాయి. దాడులకు ఊపిరి పోసింది మాత్రం నలభై నిండిన మాథ్యూస్. అదే మ్యాచ్‌తో అరంగేట్రం చేసిన డంకన్ ఎడ్వర్డ్స్ పుట్టేనాటికే మాథ్యూస్ ఇంగ్లండ్ ఆటగాడు. మరుసటి ఏడు మే 9న బ్రెజిల్‌ను 4-2తో ఓడించిననాడు, నిల్టన్ శాంటోస్ వంటి మేటి ఫుల్‌బ్యాక్‌ను అతడు ఆద్యంతం కలవరపెట్టాడు. ఐరోపా ఉత్తమ ఆటగాడికి ఆ ఏడాదే మొదటిసారి ఇచ్చిన ‘బాలన్ డి ఓర్’ పురస్కారానికి, ఓటు వేసిన పాత్రికేయులు గోల్స్ రాశిగా పోసిన డి స్టెఫానో కన్న అతడికే మూడు పాయింట్లు ఎక్కువ ఇచ్చారు.

ఇప్పుడు ప్రతి స్పర్శనూ లెక్కించే సంస్థలున్నాయి, ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో అంచనా కట్టే ‘ఎక్స్‌జీ’ అనే కొలమానమూ ఉంది. మాథ్యూస్‌కు ఇవి కొంత న్యాయం చేసి ఉండేవే. అయినా 2022 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో 35 ఏళ్ల మెస్సి, 20 ఏళ్ల క్రొయేషియా ఆటగాడు గ్వార్డియోల్‌ను అంచు వెంట ఆగుతూ, తిరుగుతూ, మళ్లీ ఆగుతూ తనతోపాటు లాక్కుపోయి బంతిని వెనక్కి అందించిన ఆ పరుగంతా, పట్టికలో ‘ఒక అసిస్ట్’ అన్న రెండు మాటల్లో ముగుస్తుంది.

1961 అక్టోబర్‌లో 46 ఏళ్ల మాథ్యూస్ రెండో డివిజన్‌లో కుంగిపోతున్న స్టోక్‌కు తిరిగివచ్చాడు. అంతకుముందు సొంత మైదానంలో జరిగిన మ్యాచ్‌కు 8,409 మంది రాగా, అతడు ఆడిన మొదటి రోజున 35,974 మంది వచ్చారు. యాభై ఏళ్లు నిండిన ఐదు రోజులకు, 1965 ఫిబ్రవరి 6న ఆఖరి లీగ్ మ్యాచ్ ఆడేదాకా అతడు ఆ జట్టులోనే ఉన్నాడు. 1963 మేలో లూటన్‌పై, జిమ్మీ మెకిల్‌రాయ్ అందించిన బంతితో ఒంటరిగా ముందుకు సాగి, గోల్‌కీపర్‌ను పక్కకు తప్పించి అతడు చేసిన గోల్‌తో స్టోక్ మొదటి డివిజన్‌కు ఎక్కింది. ఆ సీజన్ మొత్తంలో అతడి గోల్స్ సంఖ్య ఒకటి, ఆ ఒక్కటీ అదే. ఆ ఏడాది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రచయితల సంఘం ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నది 48 ఏళ్ల మాథ్యూస్‌నే.