జవాబు అడిగిన మనిషి

ఆ పాత ఫొటో చూసినవాళ్లు పనీపాటా లేక ఊళ్లు పట్టుకు తిరిగే దిమ్మరి ఎవరో అనుకుంటారు. ఒంటి మీద మాసిపోయిన బట్టలు. గడ్డం లేదు, మీసం లేదు. నిజానికి అతను మత ప్రచారకుడు. పేరు బ్రిగమ్ హెన్రీ రాబర్ట్స్. వయసు ఇరవై ఏడు. ఆ వేషం కట్టింది రెండు శవాల కోసం.

1884 ఆగస్టు 10, ఆదివారం. అమెరికా దక్షిణాదిన టెన్నెసీ రాష్ట్రంలో కేన్ క్రీక్ అనే పల్లె. కాండర్ అనే రైతు ఇంటికి ప్రార్థన కోసం జనం వస్తున్నారు. ప్రసంగించాల్సింది మోర్మన్ ప్రచారకులు. మోర్మన్లంటే ఆ చుట్టుపక్కల చాలామందికి ఒళ్లు మంట. ఒక్కొక్కడూ నలుగురేసి పెళ్లాలను కట్టుకుంటాడని, మన ఆడపిల్లల్ని కూడా లేవదీసుకుపోతాడని కసి. ముసుగులు తగిలించుకున్న మూక ఒకటి తుపాకులతో ఆ ఇంటి మీద పడింది. మోత ఆగేసరికి జాన్ గిబ్స్, విలియం బెర్రీ అనే ఇద్దరు ప్రచారకులు నేలకొరిగారు. అడ్డుకోబోయిన ఆ ఇంటి కుర్రాళ్లిద్దరూ పోయారు. మూకను నడిపించినవాడూ పోయాడు. ఇంటి తల్లికి తూటా తగిలింది.

చచ్చిపోయిన ప్రచారకులను అక్కడే పాతిపెట్టారు. చాటనూగాలోని మిషన్ కార్యాలయం బాధ్యత అప్పుడు రాబర్ట్స్ మీద ఉంది. వాళ్లిద్దరూ ఎక్కడో యూటా నుంచి వచ్చినవాళ్లు. అయినవాళ్లు కడసారి చూసుకోకుండా పరాయి మట్టిలో వదిలేయడం అతనికి మనసొప్పలేదు. కానీ ఆ ప్రాంతంలో అతని మొహం తెలిసినవాళ్లున్నారు. గడ్డం, మీసం తీసేశాడు. మొహానికీ చేతులకూ మసి పూసుకున్నాడు. పాత బట్టలు తొడుక్కుని, మనుషుల్ని వెంటబెట్టుకుని, పగబట్టిన పల్లెలోకి నడిచాడు. సమాధులు తవ్వించి, శవాలను పెట్టెల్లో పెట్టించి, యూటా దారి పట్టించాడు.

ముప్పై ఏడేళ్ల తర్వాత ఆయన ఇంకో తవ్వకం మొదలుపెట్టాడు. దానికి ఏ వేషమూ పనికిరాలేదు.

* * *

రాబర్ట్స్ పుట్టింది ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో, 1857లో. తల్లి మోర్మన్ మతం పుచ్చుకుని ముందుగా అమెరికా వెళ్లిపోయింది. తొమ్మిదేళ్ల వయసులో ఇతను అక్కను వెంటబెట్టుకుని ఓడెక్కాడు. అక్కడ దిగాక బళ్ల వరుస వెంట మైదానాలు దాటి, చాలా దూరం వట్టి కాళ్లతో నడిచాడు. దారిలో కనబడిన ఒక శవం కాళ్ల నుంచి బూట్లు ఊడదీసుకున్నానని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. చదవడం వచ్చేసరికి పదేళ్లు దాటాయి. గనుల్లో కూలి చేశాడు. కమ్మరి కొలిమి దగ్గర పని నేర్చాడు. ఆ తర్వాత పుస్తకాల మీద పడి, ఇక వదల్లేదు.

టెన్నెసీ తర్వాత జీవితం ఒడుదొడుకులే. బహుభార్యాత్వం కేసులో 1889లో జైలుకు వెళ్లాడు. 1898లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైతే, అదే కారణం చూపి 1900 జనవరిలో సభ ఆయన్ని లోపల కూర్చోనివ్వలేదు. అనుకూలంగా 50 ఓట్లు, వ్యతిరేకంగా 268. అరవై ఏళ్లు వచ్చాక మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి మతగురువుగా వెళ్లాడు. వీటన్నిటి మధ్యా కలం కింద పెట్టలేదు. మోర్మన్ గ్రంథం దేవుడిచ్చిందేనని వాదిస్తూ సంపుటాలకు సంపుటాలు రాశాడు. బయటివాళ్లు వేలెత్తి చూపినప్పుడల్లా జవాబు చెప్పడానికి సంఘం ఆయన వైపే చూసేది.

హైదరాబాద్, రాజమండ్రి వీధుల్లో తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరు పట్టీతో జంటలుగా నడిచే కుర్రాళ్లను కొందరైనా చూసే ఉంటారు. కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం, అంటే ఈ మోర్మన్ల సంఘమే, వాళ్లది. భారతదేశంలో ఆ సంఘానికి మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. వాళ్లు చేత పట్టుకునే బైబిలుకు తోడు ఇంకో పుస్తకం ఉంటుంది. క్రీస్తుకు 600 ఏళ్ల ముందు యెరూషలేము నుంచి ఒక కుటుంబం సముద్రం దాటి అమెరికా చేరిందనీ, వాళ్ల సంతతి చరిత్రను బంగారు రేకుల మీద చెక్కి భూమిలో దాచారనీ, దేవదూత దారి చూపితే జోసెఫ్ స్మిత్ వాటిని వెలికితీసి అనువదించాడనీ వాళ్ల విశ్వాసం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలోని పామైరాలో అచ్చయిన ఆ పుస్తకమే మోర్మన్ గ్రంథం.

గుమ్మంలో నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు వాళ్ల నోట తరచూ వచ్చే మాట ‘నమ్ముతున్నాను’ కాదు, ‘నాకు తెలుసు’. ఈ గ్రంథం సత్యమని నాకు తెలుసు. నమ్మకం నా ఇష్టం, దానికి నేను లెక్క చెప్పనక్కర్లేదు. తెలుసు అన్నానా, ఎలా తెలుసని ఎదుటివాడు అడుగుతాడు.

* * *

1921 ఆగస్టులో అలాగే ఒకరు అడిగారు. వాషింగ్టన్‌లో ఒకాయన మోర్మన్ గ్రంథం చదువుతూ అయిదు సందేహాలు పంపాడు. సాల్ట్ లేక్ యువకుడొకడు వాటిని సంఘం పెద్దల్లో ఒకడైన అపొస్తలుడు జేమ్స్ టాల్మేజ్‌కు చేర్చాడు. టాల్మేజ్ భూగర్భ శాస్త్రవేత్త కూడా. ఆయన ఆ కాగితాన్ని రాబర్ట్స్ చేతిలో పెట్టాడు.

ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. ఒకే కుటుంబం నుంచి వచ్చిన జనమైతే అమెరికా ఆదివాసుల్లో అన్ని వందల భాషలు, ఒకదానికొకటి పోలిక లేనివి, అంత తక్కువ కాలంలో ఎలా పుట్టాయి? యూరోపియన్లు అడుగుపెట్టేనాటికి ఆ ఖండంలో గుర్రాలు లేవే, గ్రంథంలోకి ఎలా వచ్చాయి? అంత ప్రాచీన కాలంలో ఉక్కు విల్లేమిటి? వంపు కత్తులేమిటి? ఆ దేశం ఎరగని పట్టు ఎక్కడిది?

వయసు అరవై నాలుగు. ఇలాంటి ప్రశ్నలను నలభై ఏళ్లుగా ఎదుర్కొంటున్న మనిషి. నాలుగు పేజీల్లో ఏదో సర్ది పంపేయడం ఆయనకు పెద్ద పని కాదు. అలా చేయలేదు. భాషాశాస్త్రం, పురావస్తు శాస్త్రం మీద దొరికినవన్నీ ముందేసుకున్నాడు. చదివినకొద్దీ ప్రశ్నలు చిన్నబడకుండా పెద్దవయ్యాయి. ముఖ్యంగా భాషల ప్రశ్న. గ్రంథం లెక్క ప్రకారం కథ ముగిసేది క్రీస్తు తర్వాత 400 దాటాక. అక్కడి నుంచి కొలంబస్ దాకా వెయ్యేళ్ల పైచిలుకు. ఒక భాష చీలి అన్ని కుటుంబాలు కావడానికి ఆ వెయ్యేళ్లు ఏ మూలకు?

నెలలు గడిచాయి. టైపు చేసిన పేజీలు 141 అయ్యాయి. వాటిలో జవాబులకంటే చిక్కులే ఎక్కువ. ప్రత్యర్థి తన వాదాన్ని ఎంత బలంగా చెప్పగలడో అంత బలంగానూ చెప్పి పెట్టాడు. డిసెంబరు చివర్లో సంఘాధ్యక్షుడు హీబర్ గ్రాంట్‌కు ఉత్తరం రాశాడు. ఇది నా ఒక్కడివల్ల అయ్యేది కాదు, అందరం కూర్చుని తేల్చాలని దాని సారాంశం.

* * *

1922 జనవరి 4. సాల్ట్ లేక్ సిటీ. అధ్యక్షుడు, అపొస్తలులు, రాబర్ట్స్‌తో పాటు ‘డెబ్బదిమంది’ అనే మండలి పెద్దలు ఒక గదిలో చేరారు. ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఆ రోజు చాల్లేదు. మర్నాడు కూడా చదివాడు.

ఆ గదిని ఊహించుకోండి. చదువుతున్నది బయటి శత్రువు కాదు. ఆ విశ్వాసం కోసం తవ్విన సమాధుల మట్టి చేతులకు అంటిన మనిషి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆయన్ని దశాబ్దాలుగా ఎరిగినవాళ్లు. ఆయన అడుగుతున్నది క్షమాపణ కాదు, అనుమతీ కాదు. సాయం. మీలో ఎవరికైనా దీనికి జవాబు తెలుసా?

చదవడం ముగిసింది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. లేచినవాళ్లు గుర్రాల గురించి మాట్లాడలేదు, భాషల గురించీ మాట్లాడలేదు. గ్రంథం సత్యమని తమకు తెలుసని సాక్ష్యం చెప్పి కూర్చున్నారు.

వాళ్లు అబద్ధమాడారని అనలేం. వాళ్ల దగ్గర ఉన్నది వాళ్లిచ్చారు. కానీ వైద్యుడి దగ్గరికి వెళ్లి జబ్బు చెబితే, మీరు బాగుపడతారని నాకు తెలుసు అని భుజం తట్టి పంపినట్టయింది. మందు అడిగినవాడికి ఆ ఓదార్పు సరిపోతుందా? నాలుగు రోజులకే రాబర్ట్స్ అధ్యక్షుడికి మళ్లీ రాశాడు. నిరాశపడ్డానని దాచకుండా చెప్పాడు. ఆ నెలాఖరులో ఇంకోసారి కూర్చున్నారు. తర్వాత కొందరితో విడిగా చర్చలూ జరిగాయి. చిక్కుముడి మాత్రం విడలేదు.

ఆయన మాత్రం తవ్వడం ఆపలేదు. ఈసారి ఇంకా లోతుకు వెళ్లాడు. మోర్మన్ గ్రంథానికి ఏడేళ్ల ముందే, 1823లో, వెర్మాంట్‌లో ఈథన్ స్మిత్ అనే పాస్టరు ‘వ్యూ ఆఫ్ ది హీబ్రూస్’ అనే పుస్తకం అచ్చేయించాడు. అమెరికా ఆదివాసులు ఇశ్రాయేలు సంతతివారని అందులోని వాదం. పేరులో ‘స్మిత్’ కలిసినా జోసెఫ్‌కు బంధువు కాదు. ఈ పుస్తకాన్నీ ఆ గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టి రాబర్ట్స్ పోలికలు రాసుకున్నాడు. దీన్ని చూసి దాన్ని అల్లడం సాధ్యమేనా? ఊహాశక్తి ఉన్న ఒక కుర్రాడికి అంత పని చేతనవుతుందా? ఈ ప్రశ్నలు అడిగింది విరోధి అయి ఉంటే అదే రాబర్ట్స్ కలం తీసి విరుచుకుపడేవాడు. ఇప్పుడు అడుగుతున్నది తానే.

ఆ రాతకు జోడించడానికి పెద్దలకు ఒక ఉత్తరం సిద్ధం చేశాడు. ఇవి తన తీర్మానాలు కావని అందులో స్పష్టంగా చెప్పుకున్నాడు. మన విశ్వాసం కదలనిదే అయితే, దానికి వ్యతిరేకంగా చెప్పగలిగినదంతా భయపడకుండా చూడగలగాలి అన్నది ఆయన వాదన. ఆ ఉత్తరమూ ఆ రాతప్రతీ ఆ పెద్దల ముందుకు వెళ్లలేదు. ఈలోగా ఆయనకు వేరే పిలుపు వచ్చింది.

* * *

1922లో రాబర్ట్స్ తూర్పు రాష్ట్రాల మిషన్ అధ్యక్షుడయ్యాడు. బ్రూక్లిన్‌లో ఆఫీసు. అయిదేళ్లు అక్కడే. ఆ మిషన్ ఆయన కోరి తీసుకున్నదే. పామైరా అందులోనే ఉంది, జోసెఫ్ స్మిత్ పుట్టిన వెర్మాంటూ అందులోనే ఉంది.

ఈ కథలో నన్ను ఆపేసే చోటు ఇదే. యూటా పొలాల నుంచి, చిన్న ఊళ్ల నుంచి దిగుతున్న కుర్రాళ్లు. చేతిలో మోర్మన్ గ్రంథం. మర్నాటి నుంచి న్యూయార్క్ వీధుల్లో తలుపులు తట్టాలి, సాక్ష్యం చెప్పాలి. వాళ్లకు తర్ఫీదివ్వాల్సింది ఈయన. ఇచ్చాడు కూడా. వచ్చినవాళ్లకు మిషన్‌లోనే బడి పెట్టి, ఏం చెప్పాలో, ఎలా వాదించాలో నేర్పాడు. ఆ గ్రంథాన్నే ముందు పెట్టి ప్రచారం చేయమన్నాడు. 1923 సెప్టెంబరులో, దేవదూత జోసెఫ్‌కు కనిపించాడని చెప్పే రోజుకు నూరేళ్లు నిండిన సందర్భంలో, పామైరా దగ్గర కుమోరా కొండ వద్ద సభలు జరిపించాడు. సంఘాధ్యక్షుడు గ్రాంట్ కూడా వచ్చాడు. గదిలో 141 పేజీలు చదివినవాడూ, విన్నవాడూ మళ్లీ ఒకే చోట నిలబడ్డారు.

అయితే మళ్లీ వేషం కట్టాడా? టెన్నెసీలో మసి పూసుకున్నట్టు?

అలాగే అనాలనిపిస్తుంది. కానీ ఆయన రాతల్ని, చేతల్ని పక్కపక్కన పెడితే ఆ మాట పూర్తిగా అతకదు. వేషగాడు ఎదుటివాడికి ఒక మొహం చూపించి, తనవాళ్లకు ఇంకోటి చూపిస్తాడు. ఈయన అసలు మొహాన్ని, అంటే ప్రశ్నలన్నిటినీ, ముందుగా తన పెద్దలకే చూపించాడు. కుర్రాళ్లకు చూపించలేదు. పద్దెనిమిది ఇరవయ్యేళ్ల పిల్లవాడి నెత్తిన ఆ బరువు పెట్టకూడదనుకున్నాడా? లేక బ్రూక్లిన్‌లో రోజూ చెప్పే ఆ మాటను తనూ నిజంగానే నమ్మాడా? ఒకే మనిషిలో పగటి నమ్మకం, రాత్రి సందేహం కాపురముండలేవా?

ఉంటాయని చెప్పడానికి పెద్ద పండితులు అక్కర్లేదు. పూజలో కూర్చున్న మన తాతల్లో ఎందరికో ఇది తెలుసు. వాళ్లకు లేనిదల్లా, రోజుకు పదిమంది కొత్తవాళ్ల ఎదుట నాకు తెలుసు అని చెప్పాల్సిన ఉద్యోగం.

* * *

1927లో యూటా తిరిగొచ్చాక రాబర్ట్స్ ఆ పోలికల పట్టికను ఒక అపొస్తలుడికి పంపాడు. దాన్నీ దాచుకోలేదు. మిగిలిన రాతప్రతులు ఇంట్లోనే ఉండిపోయాయి.

1933 వేసవి. వయసు డెబ్బై ఆరు. మధుమేహం ఒంటిని తినేస్తోంది. ఆగస్టులో, ఒకప్పుడు తన కింద ప్రచారకుడిగా పనిచేసిన ఒక శిష్యుడితో గంటల తరబడి మాట్లాడాడు. శిష్యుడు ఆ రాత్రి డైరీలో రాసుకున్నాడు: 1922 సభ గురించి గురువు చెప్పాడట. బంగారు రేకులు కళ్లకు కనబడే వస్తువులు కాక, జోసెఫ్ మనసులోనివి కావచ్చుననే వైపు మొగ్గాడట. కొన్ని వారాలకే ఇంకో పరిచయస్తుడు ఆయన్ని కలిశాడు. ఆ పుస్తకం పుట్టుకలో ఈథన్ స్మిత్‌కు ఏ పాత్రా లేదని, జోసెఫ్‌ను నమ్మమని తనతో చెప్పాడని ఆ రెండో మనిషి తర్వాత గుర్తుచేసుకున్నాడు. అదే ఏడు ఏప్రిల్‌లో జరిగిన మహాసభలో ఆయన ఆ గ్రంథాన్ని అందరి ఎదుటా కొనియాడాడు.

రెండు సాక్ష్యాలూ విన్నవాళ్లవే. ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకున్నారు. సందేహించినవాళ్లు డైరీని, విశ్వాసులు రెండో మాటను. సెప్టెంబరు 27న రాబర్ట్స్ పోయాడు.

రాతప్రతులు మాత్రం కుటుంబం దగ్గర భద్రంగా ఉన్నాయి. దశాబ్దాల తర్వాత యూటా విశ్వవిద్యాలయానికి చేరాయి. 1985లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాటిని పుస్తకంగా అచ్చేసింది. తలుచుకుంటే ఆయన వాటిని పొయ్యిలో పడేసి, మచ్చ లేని విశ్వాస రక్షకుడిగా మిగిలిపోయేవాడు. ఒక్క పేజీ కూడా చింపలేదు. అడిగిన ప్రశ్నలూ, పైన తను పెట్టిన సంజాయిషీ ఉత్తరమూ, అన్నీ కలిపే ఉంచాడు.