కాకిబంగారం గనుల్లో మన చేతులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతకు, మిరప కోతకు పోయే మన యానాదులకు నెల్లూరు వైపు చుట్టరికాలున్నాయి. ఆ వైపు గూడూరు, సైదాపురం, కలిచేడు, తలుపూరు అభ్రకం గనుల్లో మనవాళ్లూ కూలి చేశారు.

అక్కడి రాయి పేరు పెగ్మటైట్. భూమిలోపల శిలాద్రవం చల్లారాక చివరగా మిగిలిన, నీరు కలిసిన ద్రవం పగుళ్లలో గడ్డకట్టింది. అందుకే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం అంత పెద్ద స్ఫటికాలుగా పెరిగాయి. లిథియం కూడా ఇలాంటి రాళ్లలోనే చేరుతుంది. కర్ణాటకలో మండ్య జిల్లా మార్లగళ్ల దగ్గర బయటపడింది ఈ జాతి రాయిలోనే.

రాయి పగలగొట్టి, పుస్తకంలాంటి అభ్రకం దిమ్మెలను పైకి తెచ్చేవారు. పొరలు విడదీసి, కత్తెరతో అంచులు కత్తిరించేవారు. కరెంటును ఆపే ఆ రేకులు రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేడియోల్లోకి చేరాయి. రాతిదుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోకి చేరింది.

1/70 చట్టం, 1997 నాటి సమతా తీర్పు కాపాడేది షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని. గూడూరు అందులో లేదు. మైదానంలో మనం గిరిజనులమే గాని, మన కాళ్లకింది నేలకు ఆ రక్షణ లేదు. రేపు లిథియం కోసం ఎవరైనా వస్తే అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. రాయి ఎలా పుట్టిందో చెప్పే ఉపాధ్యాయులు, దాన్ని పైకి తెచ్చిన చేతులెవరివో కూడా పిల్లలకు చెప్పాలి.