'తనకా': వరిమడి నడుమ పుట్టిన పేరు

జపానీయులును మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పి, పిదప సొంతపేరు చెప్పుదురు. ఆ దేశమున మిక్కిలి వాడుకలో నున్న ఇంటిపేర్లలో 'తనకా' యొకటి. 'త' యనగా వరిమడి. 'నకా' యనగా నడుమ. చీనా దేశమునుండి వచ్చిన లిపిలో 'త' అక్షరము నాలుగు గదుల చదరము. గట్లు వేసిన పొలము బొమ్మయే అది. పొలముల నడుమ నివసించినవారికిని, ఆ పేరుగల పల్లెలవారికిని ఇది వేర్వేరుగ ఏర్పడినది. కావున తనకాలందరును ఒకే వంశమువారు కారు.

తొకుగవా ప్రభువుల కాలమున, అనగా 1603 మొదలు 1868 వరకు, ఇంటిపేరును బహిరంగముగ చెప్పుకొను హక్కు ప్రధానముగ సమురాయి యోధులదే. ప్రభుత్వపు లెక్కలలో సామాన్య రైతునకు సొంతపేరు మాత్రమే యుండెడిది. అయినను పెక్కు కుటుంబములు తమ ఇంటిపేరును మరువలేదు. దేవాలయములకు చందాలిచ్చినవారి పట్టికలలో నట్టి పేర్లు కానవచ్చుచున్నవి.

1870లో మెయిజీ ప్రభుత్వము సామాన్యులకును ఇంటిపేరు పెట్టుకొన ననుమతి నొసగెను. పలువురు ముందునకు రాలేదు. సైన్యమున చేర్చుకొనుటకు సరియైన జాబితాలు కావలసియుండుటచే 1875లో ఇంటిపేరు తప్పనిసరి చేయబడెను. కొందరు అప్పుడు క్రొత్తపేర్లు కల్పించుకొనిరి. తాతలనాటి పేరును లోలోన దాచుకొనిన రైతులకు మాత్రము దానిని నలుగురిలో పలుకు హక్కు లభించినది.