ప్రతిభా? జట్టు అవసరమా? – 1984 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌ను చరిత్రగా చదవడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక పాత నిర్ణయాన్ని, దాని ఫలితాన్ని పక్కనపెట్టి, అది తీసుకున్న నాటి పరిస్థితుల ఆధారంగా వివరించగలగాలి. ఆ తరువాత ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని మీ సొంత అంచనాకు రాగలగాలి. ఈ రెండు పనులనూ కలిపివేయడమే చరిత్ర విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

ఉపోద్ఘాతం

చరిత్ర పాఠాల్లో మీకు ఎక్కువగా రాజ్యాలు, యుద్ధాలు, ఒప్పందాలు ఎదురవుతాయి. ఇక్కడ మాత్రం ఒక బాస్కెట్‌బాల్ జట్టు నిర్ణయాన్ని తీసుకున్నాం. దీనికి కారణం ఉంది. ఈ నిర్ణయం చిన్నది, తీసుకున్నవారు కొద్దిమంది, తేదీ తెలుసు, పర్యవసానమంతా మన ముందు ఉంది. అయినా వాదన ముగియలేదు.

1984 జూన్ 19న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రాంగణంలో ఎన్‌బీఏ, అంటే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్, ఆ ఏటి కొత్త ఆటగాళ్ల ఎంపిక జరిపింది. మొదటి వంతులో హ్యూస్టన్ రాకెట్స్ హకీం ఒలాజువాన్‌ను తీసుకుంది. రెండవ వంతు పోర్ట్‌ల్యాండ్ ట్రెయిల్ బ్లేజర్స్‌ది. ఆ జట్టు కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ బోవీని ఎంచుకుంది. మూడవ వంతులో షికాగో బుల్స్‌కు మైకేల్ జోర్డాన్ దక్కాడు.

బాస్కెట్‌బాల్‌తో పరిచయం లేనివారు కూడా జోర్డాన్ పేరు వినే ఉంటారు. బోవీ పేరు విన్నవారు తక్కువ. అందువల్లనే ఈ ఎంపికను క్రీడాచరిత్రలోనే అతి పెద్ద తప్పు అని చెప్పడం పరిపాటి అయింది. పోర్ట్‌ల్యాండ్ ప్రతిభను వదులుకుని జట్టు అవసరాన్ని పట్టుకుందని అంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

డ్రాఫ్ట్ పద్ధతి

మీకు ఐపీఎల్ వేలం తెలిసే ఉంటుంది. అక్కడ ఆటగాడి కోసం జట్లు డబ్బుతో పోటీపడతాయి. డ్రాఫ్ట్‌లో వేలం ఉండదు, వంతులు ఉంటాయి. గత సీజన్‌లో ఎక్కువగా ఓడిన జట్టుకు ముందు వంతు వస్తుంది. బలహీనమైన జట్టు కోలుకోవాలన్నది దీని ఉద్దేశం. 1984లో రెండు విభాగాల్లోనూ అట్టడుగున ఉన్న జట్ల మధ్య నాణెం ఎగురవేసి మొదటి వంతు ఎవరిదో తేల్చేవారు. ముందు వంతు కోసం జట్లు కావాలనే ఓడుతున్నాయన్న అనుమానాలు బలపడడంతో మరుసటి ఏడాది నుంచి లాటరీ పద్ధతి వచ్చింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఆ సీజన్‌లో 82 ఆటలకు 48 గెలిచిన పోర్ట్‌ల్యాండ్‌కు రెండవ వంతు ఎలా వచ్చింది? 1981లో టామ్ ఓవెన్స్ అనే ఆటగాడిని ఇండియానా పేసర్స్‌కు ఇచ్చి, అందుకు బదులుగా ఆ జట్టు 1984 మొదటి రౌండ్ వంతును పోర్ట్‌ల్యాండ్ తీసుకుంది. మూడేళ్లకు ఇండియానా తన విభాగంలో చివరి స్థానానికి దిగజారింది. నాణెం హ్యూస్టన్ వైపు పడింది. అలా ఒక మంచి జట్టు చేతికి అతి విలువైన అవకాశం వచ్చింది. ఈ విషయం ముఖ్యమైనది, ఎందుకంటే అడుగున ఉన్న జట్టుకు అన్ని స్థానాల్లోనూ ఖాళీలే ఉంటాయి. ఎవరు వచ్చినా సరిపోతారు. 'మాకు ఏది లోటు?' అన్న ప్రశ్న బాగా ఆడుతున్న జట్టుకే పుడుతుంది.

ఎత్తు మీద నమ్మకం

నాటి నిర్ణేతల మనసు తెలియాలంటే వారు చూసిన బాస్కెట్‌బాల్‌ను మీరూ ఊహించుకోవాలి. బుట్ట దగ్గర నిలబడి ఆడే అతి పొడవైన ఆటగాడిని సెంటర్ అంటారు. 1965 నుంచి 1980 వరకు, వరుసగా 16 ఏళ్లు, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం సెంటర్లకే దక్కింది. రస్సెల్, చాంబర్లిన్, అబ్దుల్ జబ్బార్, వాల్టన్, మోజెస్ మలోన్ – ఈ పేర్లన్నీ ఆ కోవలోనివే. గార్డ్ స్థానంలో ఆడే ఆటగాడి చుట్టూ విజేత జట్టును కట్టవచ్చునన్న ఆలోచన అప్పట్లో బలంగా లేదు.

పోర్ట్‌ల్యాండ్‌కు సొంత అనుభవం కూడా ఉంది. ఆ జట్టు ఏకైక టైటిల్ 1977 నాటిది. జాక్ రామ్సే కోచ్‌గా, బిల్ వాల్టన్ సెంటర్‌గా దాన్ని గెలిచారు. పాదం గాయాలతో వాల్టన్ దూరమయ్యాడు, 1979లో జట్టునే వీడాడు. అప్పటినుంచి రామ్సే మరో వాల్టన్ కోసం వెతుకుతూనే ఉన్నాడని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇదే జట్టు 1978లో మొదటి వంతులో మైకేల్ థాంప్సన్‌ను తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో ల్యారీ బర్డ్‌ను ఆరో వంతులో బోస్టన్ సెల్టిక్స్ ఎంచుకుంది. బర్డ్‌కు కళాశాలలో ఇంకో ఏడాది ఉంది, బోస్టన్ ఆగడానికి సిద్ధపడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పోర్ట్‌ల్యాండ్ లెక్క

1984 జూన్‌లో ఆ జట్టు ఎలా ఉంది? జోర్డాన్ ఆడే షూటింగ్ గార్డ్ స్థానంలో జిమ్ పాక్సన్ ఉన్నాడు. అతడు 1983, 1984 సంవత్సరాల్లో ఆల్‌స్టార్ ఆటకు ఎంపికైనవాడు. అతని వెనుక క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. అతణ్ణి ఏడాది ముందే, 1983లో, 14వ వంతులో తెచ్చుకున్నారు. అంతటితో ఆగలేదు. డ్రాఫ్ట్‌కు కొద్దిరోజుల ముందు డెన్వర్ నుంచి కికి వాండవే అనే గొప్ప స్కోరర్‌ను కొన్నారు. అందుకు ఇచ్చిన ముగ్గురిలో వేన్ కూపర్ సెంటర్. అంటే స్కోరు చేసేవారు పెరిగారు, బుట్ట దగ్గర నిలిచేవారు తగ్గారు.

కాబట్టి, ఆ లెక్క ప్రకారం చూస్తే, జోర్డాన్ మూడవ గార్డ్. బోవీ 7 అడుగుల 1 అంగుళం, బంతిని చక్కగా పంచగలడు, రామ్సే ఆటకు సరిపోతాడు. పైగా బోవీ సామాన్యుడేమీ కాదు. 1980 మాస్కో ఒలింపిక్స్ కోసం ఎంపికైన అమెరికా జట్టులో అతడున్నాడు. ఆ దేశం బహిష్కరించడం వల్ల ఆడలేకపోయాడు. 'ప్రతిభ లేనివాణ్ణి తెచ్చుకున్నారు' అనడం ఆధారాలకు నిలబడదు.

ఇక జోర్డాన్ సంగతి. 1982లో నార్త్ కరోలినాకు కళాశాల టైటిల్ తెచ్చిన ఆఖరి షాట్ అతనిదే. అయినా చివరి ఏడాది అతని సగటు 19.6 పాయింట్లు మాత్రమే. కోచ్ డీన్ స్మిత్ పద్ధతిలో బంతిని అందరూ పంచుకునేవారు. షికాగో జనరల్ మేనేజర్ రాడ్ థార్న్ కూడా అతణ్ణి ఎంచుకున్న తరువాత, ఏడడుగుల పొడవుంటే బాగుండేదన్న అర్థంలో పత్రికలకు చెప్పాడు. గెలిచినవారికి దూరదృష్టి ఉందనీ, ఓడినవారికి లేదనీ మనం తేలికగా రాసేస్తాం. షికాగోకు సెంటర్ అందుబాటులో ఉండి ఉంటే ఏమయ్యేదో ఈ ఒక్క మాట చూపుతుంది.

మరి 'అప్పుడెవరికీ తెలియదు' అని పోర్ట్‌ల్యాండ్‌ను వదిలేయవచ్చా? వదిలేయలేం. 1984 ఒలింపిక్ జట్టు కోచ్ బాబ్ నైట్, జోర్డాన్‌నే తీసుకొమ్మని పోర్ట్‌ల్యాండ్ జనరల్ మేనేజర్ స్టూ ఇన్‌మన్‌కు చెప్పాడనీ, మాకు సెంటర్ కావాలని ఆయన అంటే, జోర్డాన్‌నే సెంటర్‌గా ఆడించమన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథను పక్కనపెట్టినా, మరో ఆధారం అందరి కళ్లముందే ఉంది. ఎడమ మోకాలి కింది ఎముకలో పగులు వల్ల బోవీ కళాశాలలో రెండు పూర్తి సీజన్లు ఆడలేదు. పోర్ట్‌ల్యాండ్ వైద్యులు అతణ్ణి గంటల తరబడి పరీక్షించారు. వైద్యులు కాలిపై తట్టి చూసినప్పుడు లోపల నొప్పి ఉన్నా లేదని చెప్పానని బోవీ చాలా ఏళ్ల తరువాత ఒక డాక్యుమెంటరీలో ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు, కుటుంబ భవిష్యత్తు ఆ పరీక్ష మీద ఆధారపడి ఉంది. అతణ్ణి నిందించడానికి మనసొప్పదు. కానీ వాల్టన్ పాదాల వల్ల ఒకసారి సర్వం పోగొట్టుకున్న జట్టుకు ఇంతకన్నా హెచ్చరిక ఏం కావాలి?

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి: 1984 జూన్ 19 నాటికి పోర్ట్‌ల్యాండ్‌కు తెలిసిన విషయాలు, తరువాత మాత్రమే తెలిసిన విషయాలు – వీటిని వేరువేరుగా మీ నోటుపుస్తకంలో రాయండి. పై పేరాల్లోని ఏ వాక్యం ఎటు చేరుతుందో నిర్ణయించలేకపోతే, అదే మీరు మళ్లీ చదవవలసిన వాక్యం.

తరువాత జరిగినది

తొలి సీజన్‌లో బోవీ 76 ఆటలాడి, కొత్తవారిలో ఉత్తముల జట్టులో చోటు సంపాదించాడు. అదే ఏడాది జోర్డాన్ ఆటకు 28.2 పాయింట్ల సగటుతో ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు. రెండవ ఏడాది బోవీ 38 ఆటల దగ్గర ఆగాడు, తరువాత 5, ఆ పైన ఒక్కటీ లేదు, ఆపై 20. అయిదేళ్లలో మొత్తం 139 ఆటలు. అయితే రెండవ ఏడాది జోర్డాన్ కూడా పాదం విరిగి 18 ఆటలే ఆడాడని మరచిపోకండి. ఒక ఎముక సరిగా అతుక్కుంది, ఒకటి అతుక్కోలేదు. చరిత్రలో ఇలాంటి వాటికి సిద్ధాంతాలు వెతకడం వృథా.

హ్యూస్టన్ చేసిన పని దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. 1983లోనే ఆ జట్టు 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్‌ను మొదటి వంతులో తెచ్చుకుంది. మరుసటి ఏడాది మళ్లీ మొదటి వంతు వస్తే, ఇంకో సెంటర్ అయిన ఒలాజువాన్‌ను తీసుకుంది. అవసరం లెక్కన చూస్తే అది అనవసరపు ఎంపిక. ఇద్దరినీ కలిపి ఆడించే మార్గం వెతుక్కున్నారు, 1986లో ఫైనల్స్‌కు చేరారు. శాంప్సన్ మోకాళ్లు దెబ్బతిన్నాక 1987 డిసెంబరులో అతణ్ణి వదులుకున్నారు. ఒలాజువాన్ మిగిలాడు. 'ఎక్కువైన' సెంటరే జట్టుకు ఆధారమయ్యాడు.

అవసరం ఎన్నాళ్లు ఉంటుంది?

నా దృష్టిలో ఈ ఉదంతంలో అసలు ప్రశ్న ఇదే. పోర్ట్‌ల్యాండ్ ఏ జట్టులో ఇమడడానికి బోవీని తెచ్చుకుందో ఆ జట్టు ఏమైంది? 1986లో థాంప్సన్‌ను వేరే జట్టుకు ఇచ్చారు. అదే ఏడాది రామ్సే, ఇన్‌మన్ ఇద్దరూ వెళ్లిపోయారు. 1988 ఫిబ్రవరిలో పాక్సన్ బోస్టన్ చేరాడు. 1989 ఫిబ్రవరిలో వాండవే న్యూయార్క్‌కు వెళ్లాడు. ఆ లెక్కలోని ముఖ్యుల్లో అయిదేళ్లకు మిగిలింది డ్రెక్స్‌లర్ ఒక్కడే. ఇల్లు మారుతుందని తెలిసి కూడా గుమ్మం కొలతకు మంచం చేయించినట్లయింది. కొత్త ఆటగాడు పరిపక్వత చెందేసరికి జట్టు అవసరమే మారిపోతుంది. ప్రతిభ అలా మారదు. జోర్డాన్ వస్తే పాక్సన్‌నో డ్రెక్స్‌లర్‌నో మార్చుకుని సెంటర్‌ను తెచ్చుకునే దారి ఉండేది.

అలాగని జట్టు అవసరం అనే ఆలోచనే తప్పని నేననను. ఇదే జట్టు 1989 జూన్‌లో బోవీతో పాటు ఒక డ్రాఫ్ట్ వంతును న్యూజెర్సీకి ఇచ్చి బక్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. బుట్ట దగ్గర కష్టపడే అనుభవజ్ఞుడు కావాలని వెతికి తెచ్చిన ఆటగాడతడు. మరుసటి ఏడాదే పోర్ట్‌ల్యాండ్ ఫైనల్స్‌కు చేరింది, 1992లో మరోసారి. విలియమ్స్ ఏం చేయగలడో లీగ్ మొత్తం ఎనిమిదేళ్లు చూసింది. అతడు కావలసింది ఆ మరుసటి రోజుకే. ఇలాంటి చోట అవసరం చూడడమే వివేకం. డ్రాఫ్ట్ మాత్రం ఇరవై ఏళ్ల కుర్రవాడి రాబోయే పదేళ్ల మీద వేసే పందెం. ఇదే లెక్కను రెండింటికీ వాడినందువల్లనే పోర్ట్‌ల్యాండ్ దెబ్బతిన్నదని నా అభిప్రాయం. మీరు దీనితో ఏకీభవించకపోతే కారణాలతో వ్రాయండి. బోవీ కాలు నిలబడి ఉంటే ఈ వాదన ఎంత మిగులుతుందన్నది మంచి ప్రశ్నే.

1992 ఫైనల్స్‌లో పోర్ట్‌ల్యాండ్‌కు ఎదురుపడింది షికాగో. మొదటి ఆట తొలి అర్ధభాగంలోనే జోర్డాన్ 35 పాయింట్లు చేశాడు. షికాగో 4–2తో గెలిచింది. 1995 ఫిబ్రవరిలో డ్రెక్స్‌లర్‌ను హ్యూస్టన్‌కు పంపారు. కళాశాలలో కలిసి ఆడిన ఒలాజువాన్ పక్కన అతడు ఆ వేసవిలోనే టైటిల్ గెలిచాడు. అదే సీజన్‌తో, లీగ్‌లో 500కు పైగా ఆటలు పూర్తిచేసుకుని, శామ్ బోవీ లాస్ ఏంజెల్స్ లేకర్స్ తరఫున ఆట విరమించాడు.