మా వార్డుకు వచ్చినవారు ఎవరు?

ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితం గురించి ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నర్సు దగ్గర రాయడానికి చరిత్ర ఏముంటుంది అనుకున్నాను. తరవాత మా వార్డు రిజిస్టరు గుర్తుకొచ్చింది. దాని గురించే రాస్తాను.

1976లో ఒక జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. రెండో ఏడు క్షయ వార్డుకు వేశారు. రిజిస్టరులో పేరు, వయసు, ఊరు, రోగం, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ అనే గళ్ళుండేవి. చెప్పకుండా వెళ్ళిపోయినవారి పేరుకెదురుగా 'అబ్‌స్కాండెడ్' అని రాసేవాళ్ళం. పరారీలో ఉన్న ముద్దాయికి పోలీసువారు వాడే మాట కూడా అదే. అప్పట్లో మాకెవరికీ అది ఎబ్బెట్టుగా తోచలేదు. స్ట్రెప్టోమైసిన్ సూదిమందుతో మొదలుపెట్టి, ఏడాదికి పైగా మాత్రలు మింగించాల్సిన రోజులవి. మధ్యలో మానేసి పోయేవారి మీద మాకు కోపమే తప్ప మరో ఆలోచన ఉండేది కాదు.

ఒక శ్రావణమాసంలో కూలిపని చేసుకునే ఒకామె అలాగే వెళ్ళిపోయింది. "ఊడ్పులైపోగానే వచ్చేస్తానని సిస్టరమ్మకు చెప్పు" అని ఆయమ్మతో మాత్రం అన్నదట. నేను మామూలుగానే 'అబ్‌స్కాండెడ్' అని రాశాను. సంక్రాంతి వెళ్ళాక నెత్తురు కక్కుకుంటూ ఎడ్లబండిలో వచ్చింది. పది రోజులు కూడా బతకలేదు. నన్ను ఏమీ అనలేదు. ఊడ్పుల డబ్బుతో అప్పు తీరిందని మాత్రం చెప్పింది.

ఆమె పోయిన రాత్రి డ్యూటీలో పాత రిజిస్టర్లు రెండు దించి చూశాను. వెళ్ళిపోయినవాళ్ళ తేదీలు ఏడాది పొడుగునా సమంగా లేవు. ఊడ్పులప్పుడు కొందరు, కోతలప్పుడు మరికొందరు, గుంపులుగా పోయారు. రోగి ఏం పని చేస్తాడో రాయడానికి మా రిజిస్టరులో గడే లేదు.

ఇలా లెక్క తీసి చూడడం కొత్త సంగతేమీ కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. ఏటా మే 12న ఫ్లోరెన్స్ నైటింగేల్ పటానికి దండ వేసి, కొవ్వొత్తులు పట్టుకుని ప్రమాణం చేసేవాళ్ళం. దీపం పట్టుకున్న దయామయి అని చెప్పారే గాని, ఆమె లెక్కల మనిషి అని మాకెవరూ చెప్పలేదు. క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో ఆమె ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. గాయపడ్డవారికి సేవ చెయ్యాలని వెళ్ళారు. తీరా చూస్తే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నవి గాయాలు కావు. కలరా, విరేచనాలు, జ్వరాలు. 1855 మార్చిలో వచ్చిన పారిశుధ్య బృందం మురుగుకాలువలు బాగుచేయించాక మరణాలు బాగా తగ్గాయి. స్వదేశం వెళ్ళాక ఆమె విలియం ఫార్ అనే గణాంక నిపుణుడి సాయంతో, ఎందరు దేనివల్ల పోయారో నెలవారీగా లెక్కగట్టి, 1858లో రంగుల పటంగా అచ్చువేయించింది. ఆసుపత్రులన్నీ ఒకే తీరు పట్టికలు వాడాలన్న ఆమె ప్రతిపాదన 1860లో లండన్ అంతర్జాతీయ గణాంక సభలో చర్చకు వచ్చింది. మన దేశంలో ఆమె అడుగు పెట్టనే లేదు. అయినా ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి వివరాలు తెప్పించి, తెల్ల సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది పోతున్నారని 1863 నాటి నివేదికతో లోకానికి తెలియజెప్పింది. గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారితో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలుండేవని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మా వార్డుకు ఇంకా దగ్గరి కథ మద్రాసులో జరిగింది. క్షయకు మందులు లేని కాలంలో మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో వెలిసింది అందుకే. కాని అలాంటి చోట మంచం దొరికేది ఎందరికి? దొరికినా నెలల తరబడి కూలి మానుకోగలిగేది ఎవరు? మందులు వచ్చాక, 1956లో మద్రాసు చేట్‌పట్‌లో ఒక క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. 193 మంది పేద రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచారు. రెండో జట్టుకు అవే మందులిచ్చి ఇళ్ళకు పంపారు. అవి ఇరుకిళ్ళు, తిండి చాలీచాలనిది. ఏడాది చూస్తే ఇంటి జట్టుకూ దాదాపు అంతే నయమైంది. ఇంట్లో మిగతావారికి అదనంగా జబ్బు అంటనూ లేదు. 1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాక శానిటోరియంల కాలం చెల్లుతూ వచ్చింది. అయితే ఆ కేంద్రం వాళ్ళు మందిచ్చి ఊరుకోలేదు. చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రపరీక్ష చేసేవారు. మా దాకా వచ్చేసరికి ఈ రెండో భాగం జారిపోయింది. మాత్రల చీటీ ఒక్కటే మిగిలింది.

1979లో నేనొక రెండువందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. పేర్లు రాసేదాన్ని కాదు. ఊరు, చేసే పని, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ నెలల్లో పనుంటుంది, ఇవే గళ్ళు. మిల్లు జట్టు కూలీలు, రిక్షా తొక్కేవాళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, అందరినీ చేరిన రోజే అడిగేదాన్ని. "జనాభా లెక్కలు రాస్తున్నావా?" అని తోటివాళ్ళు నవ్వారు. ఊడ్పులకు ముందే నెల మాత్రలు చేతికిచ్చి పంపుదామంటే, రూలు ఒప్పుకోదని డాక్టరుగారు మొదట కాదన్నారు. రెండో ఏడు ఒప్పుకున్నారు. అప్పుడూ అందరూ తిరిగి రాలేదు. కొందరు వచ్చారు.

తరవాత 1997లో మొదలైన డాట్స్ పద్ధతితో మందులు ఊళ్ళకే వెళ్ళసాగాయి. తిండి కోసం రోగికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తున్నది. నేను 2012లో రిటైరయ్యాను, కాబట్టి ఇది పేపర్లో చదివిన సంగతే.

నా పుస్తకాలు మూడు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మన సంఘంలో ఆసుపత్రి శాఖలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళలోనూ ఇలా సొంతంగా రాసుకున్న పుస్తకాలుంటే, దయచేసి పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. నెలవారీ సమావేశానికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. నావి నేను తెస్తాను.